వాసన మానుకున్న అత్తరు షాహుల్

ముత్తుకూరులో అత్తరు షాహుల్ ఎదురుపడితే మనిషి వాసన మారిపోతుంది. ఆయన అడగడు, ఒప్పుకునేదాకా ఆగడు. చంకలో చెక్కపెట్టె ఉంటుంది. పెట్టెలో చిటికెనవేలంత సీసాలు ఉంటాయి. "చెయ్యి చాపు" అంటాడు. ఎదుటి మనిషి ఎందుకో తెలియకముందే చాపుతాడు. దూది చుట్టిన పుల్ల మణికట్టు మీద ఒకసారి నడిచిపోతుంది. ఇక ఆ పూటంతా ఆ మనిషి మల్లెతోటలాగానో మొగలిపొదలాగానో తిరగాలి.

ఎవరికి ఏ వాసన అన్నది ఆయనే తేలుస్తాడు. కోపంలో ఉన్నవాడికి వట్టివేరు. పరీక్షకు పోయే పిల్లకు సంపెంగ. ఎన్నికల్లో ఓడినవాడికి గులాబీ. గెలిచినవాడికి ఏమీ లేదు, వాడి దగ్గర ఎటూ దండల వాసన ఉంటుందంటాడు. బస్టాండు పక్కన ఆయనకో చిన్న దుకాణం ఉంది. అమ్మేది తక్కువ, పూసేది ఎక్కువ. రొట్టెల పండగకు నెల్లూరు పోయినప్పుడు తప్ప, ఆయన సీసాలు ఖర్చయ్యేది ఊరివాళ్ల మణికట్ల మీదే.

కోడలు జబీనాకు ఈ సంగతి పెళ్లిచూపుల్లోనే తెలిసింది. గూడూరులో ఆమె తండ్రి నిమ్మకాయల వ్యాపారి. చూపులకు వచ్చిన షాహుల్ పిల్లను చూడకుండా ఇల్లంతా తిరిగాడు. వంటింట్లో ఆడవాళ్లకు పూశాడు. గిన్నెలు తోమే ఆమెకు పూశాడు. అప్పుడే మండీ నుంచి వచ్చిన ఆటోడ్రైవరుకు పూశాడు. చివరికి జబీనా వంతు వచ్చింది. గులాబీ పూసి, "మా అక్రమ్ నీకు నచ్చితే సరే. నచ్చకపోయినా ఈ గులాబీ నీదేనమ్మా" అన్నాడు. అక్రమ్ సంగతి జబీనాకు ఇంకా తేలలేదు. మామ మాత్రం బాగా నచ్చాడు.

పెళ్లయి వచ్చాక కథలు ఒక్కొక్కటే చెవిన పడ్డాయి. ఒకసారి పోలీసు ఆయన మోపెడ్ ఆపి, హెల్మెట్ ఏదని అడిగాడట. "చెయ్యి చాపు సార్" అన్నాడట షాహుల్. ఆ పోలీసు ఇంటికిపోతే భార్య మల్లెపూల వాసన ఎక్కడిదని నిలేసింది. ఎన్ని చెప్పినా నమ్మలేదు. తర్వాత షాహుల్ మళ్లీ దొరికినప్పుడు, "ఫైనైనా కట్టు గానీ ఆ పెట్టె మాత్రం తెరవొద్దు" అన్నాడట.

ఒకటి జబీనా కళ్లారా చూసింది. పక్కింటి గంగులయ్య గేదె ఈనింది. చూడబోయిన షాహుల్ ఊరికే రాలేదు. మర్నాడు పొద్దున్నే గంగులయ్య గుమ్మంలో నిలబడ్డాడు.

"షాహులూ, నా గేదెకు ఏం పూసినావు?"

"నుదుట కొంచెం."

"నీ మల్లెపూల దెబ్బకు దూడ తల్లిని గుర్తుపట్టలా. నా ఆడదాని వెంట తిరగతా ఉండాది."

"మల్లె కాదు, సంపెంగ" అన్నాడు షాహుల్. దూడకు పట్టింపు లేకపోయినా ఆయనకు ఉంది.

గంగులయ్య గేదెకు తలంటు పోశాడు. షాహుల్ దగ్గరుండి నీళ్లు తోడాడు. పోయేటప్పుడు గంగులయ్యకు వట్టివేరు పూసి వచ్చాడు, కోపంలో ఉన్నాడు కాబట్టి.

ఇంట్లో ఆ వాసన గోడలకు పట్టి ఉండేది. షాహుల్ భార్య నాగూర్‌బీ చేసే పులుసులోనూ అడుగున ఎక్కడో గులాబీ తగిలేది. కొడుకు అక్రమ్‌ది పోర్టులో లారీల కాటా దగ్గర పని. పొద్దున లేవగానే తుమ్మడం మొదలుపెడితే బూట్లు వేసుకునేదాకా తుమ్మేవాడు. అది పోర్టు దుమ్మని ఇంట్లో అందరి నమ్మకం.

జబీనాకు కూతురు నిషాత్ పుట్టినప్పుడు, పసిబిడ్డకు అత్తరు పూయొద్దని నర్సు గట్టిగా చెప్పింది. షాహుల్ మాట తప్పలేదు. బిడ్డకు పూయలేదు. బిడ్డ తాకే ప్రతిదానికీ పూశాడు. ఉయ్యాల గుడ్డకు పూశాడు, దిండుకు పూశాడు, బిడ్డ పట్టుకు లాగుతుంది కాబట్టి తన గడ్డానికి రోజూ రెండు పూటలా పూసుకున్నాడు. బిడ్డ పొద్దస్తమానం ఆయన భుజం మీదే ఉండేది. దుకాణానికి పోయినా, మసీదు వీధిలో తిరిగినా, ఒక చంకలో పెట్టె, ఒక చంకలో నిషాత్.

పాకడం మొదలుపెట్టే రోజుల్లో నిషాత్ బుగ్గలు ఎర్రబడ్డాయి. ముట్టుకుంటే గరుకుగా ఉన్నాయి. తర్వాత చేతుల మీద, మోకాళ్ల వెనక పొక్కుల్లాంటి మచ్చలు లేచాయి. బిడ్డ బుగ్గను తల్లి భుజానికేసి రుద్దేది. గోకుతుంది, చిట్లుతుంది, ఏడుస్తుంది. నిద్ర లేదు. బిడ్డకు లేకపోతే జబీనాకూ లేదు.

నాగూర్‌బీ విచారణ మొదలుపెట్టింది.

"ఏం మే జబీనా, వంకాయ తింటివా?"

"లేదత్తా."

"మొన్న మీ అమ్మోళ్లింట్లో?"

"అక్కడా తినలేదు."

"మరి ఎట్టా వచ్చింది?"

వంకాయ పోయింది. తర్వాత చేప పోయింది, గోంగూర పోయింది, గుడ్డు పోయింది. చివరికి జబీనా కంచంలో చారన్నం మిగిలింది. దాన్ని కూడా నాగూర్‌బీ అనుమానంగానే చూసేది. బిడ్డకు మాత్రం శనగపిండి, పసుపు కలిపి గట్టిగా నలుగు పెట్టేది, మురికి పోవాలని. వేడినీళ్లు పోసేది, దురద చావాలని. ఆపైన సాంబ్రాణి పొగ. బిడ్డ ఒళ్లు ఉడికించిన రొయ్యలాగా ఎర్రగా బయటికి వచ్చేది.

షాహుల్ ఇదంతా చూసి, ఆడవాళ్లకు తెలియదనుకున్నాడు. గులాబీ చల్లదనం కదా. మంచి గులాబీ అత్తరు, పండగలకు తప్ప తెరవనిది, కొబ్బరినూనెలో కలిపి ప్రేమగా మనవరాలి ఒంటికి పట్టించాడు. ఆ ఏడుపు గంగులయ్య ఇంటిదాకా వినిపించింది. మర్నాటికి మచ్చలన్నీ కలిసి ఒకటే మచ్చ అయింది. అప్పుడు జబీనా పెళ్లయ్యాక మొదటిసారి ఆ ఇంట్లో గొంతు పెంచింది.

"ఇంక ఎవరూ ఏమీ పూయొద్దు. డాక్టరు దగ్గరికి పోతా ఉండాం."

నెల్లూరులో పిల్లల చర్మాలు చూసే డాక్టరు సుభాషిణి గారి దగ్గరికి ఇంటిల్లిపాదీ వెళ్లారు. పేరు పిలవడానికి ఆలస్యమైంది. ఆ ఆలస్యంలో షాహుల్ బెంచీల మీద కూర్చున్న వాళ్లందరికీ పూశాడు. లోపలికి పోగానే డాక్టరు గారి బల్ల మీదికి వంగి, "చెయ్యి చాపండమ్మా" అన్నాడు. పాత చీటీ ఏదో ఇస్తాడనుకుని ఆమె చాపింది. మొగలి పూశాడు.

ఆమె తుమ్మింది. బిడ్డను చూసింది, పెట్టెను చూసింది, గడ్డాన్ని చూసింది.

"ఈ వాసన ఇంట్లో రోజూ ఉంటుందా?"

"ఇరవై నాలుగ్గంటలూ ఉంటుందమ్మా" అన్నాడు షాహుల్. "కరెంటు పోయినా ఇది పోదు."

"పెద్దాయనా, ఆ పెట్టె బయట పెట్టి, చేతులు కడుక్కుని రండి. అప్పుడు మాట్లాడదాం."

ఆయన కడుక్కుని వచ్చేదాకా ఆమె బిడ్డను నిదానంగా, ప్రతి మడతా విప్పి చూసింది. తర్వాత అందరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"ఇది ఎగ్జిమా. అంటురోగం కాదు, దిష్టీ కాదు. ఈ పాప చర్మం పుట్టుకతోనే తొందరగా ఆరిపోయే రకం. సున్నం రాలిన గోడ చూశారు కదా, వాన పడితే లోపలికి దిగుతుంది. అట్లాగే సబ్బు, పొగ, చెమట, సెంటు ఏది తగిలినా ఈ చర్మం లోపలికి పోయి మంట పెడుతుంది. దురద పుడుతుంది, గోకుతుంది. గోకితే చిట్లి ఇంకా దురద."

నాగూర్‌బీ ముందుకు వంగింది. "వంకాయ?"

"వంకాయ ఏం చేసింది?"

"తల్లి తింటే పాలల్లోకి దిగి..."

"తల్లి వంకాయ తిన్నందుకు ఇది రాలేదమ్మా. ఏదైనా తిన్న వెంటనే పాపకు దద్దుర్లు లేస్తే నాకు చెప్పండి, చూద్దాం. ఊరికే అన్నీ మానిపించకండి." జబీనా వైపు తిరిగింది. "నువ్వేం తింటున్నావమ్మా?"

"చారన్నం."

"ఇంకా?"

"అప్పుడప్పుడు మజ్జిగ."

నాగూర్‌బీ గోడ మీద క్యాలెండరులోకి చూస్తూ కూర్చుంది.

"ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం, తుమ్ములు ఉన్నాయా? ఇట్లాంటివి కుటుంబంలో నడుస్తుంటాయి."

అందరూ అక్రమ్ వైపు చూశారు. అక్రమ్ తుమ్మాడు.

"అది పోర్టు దుమ్ము" అన్నాడు షాహుల్.

"పోర్టు రాకముందు నుంచీ ఉండాది నాయనా" అన్నాడు అక్రమ్, చాలా ఏళ్లుగా దాచుకున్న మాట చెప్పినట్టు.

సుభాషిణి గారు నవ్వకుండా మందులు తీసి ముందు పెట్టింది. గోరువెచ్చని నీళ్లతో స్నానం, త్వరగా ముగించాలి. నలుగు వద్దు, సాంబ్రాణి వద్దు. తువ్వాలుతో రుద్దకుండా అద్దాలి. ఒంటి మీద తడి పూర్తిగా ఆరకముందే ఈ పెద్ద డబ్బాలో క్రీము దండిగా పూయాలి. ఆ తర్వాత కూడా రోజులో ఆరిందనిపించినప్పుడల్లా పూయాలి. డబ్బాలో వేళ్లు పెట్టకూడదు, స్పూనుతో తీసుకోవాలి. గోళ్లు ఎప్పటికప్పుడు కత్తిరించాలి, నూలు బట్టలు వేయాలి. ఈ చిన్న ట్యూబు మాత్రం ఎర్రగా ఉన్నచోటే, పలచగా, చెప్పినన్ని రోజులే.

"దీని గురించి ఎవరో ఏదో భయపెడతారు. భయపడి మానొద్దు. బాగుంది కదా అని నన్నడక్కుండా పూస్తూ పోవద్దు."

"ఎప్పటికి పోతుంది మేడమ్?" అంది జబీనా.

"రేపు పోతుందని చెప్పను. తగ్గుతుంది, ఎండల్లోనో చలిలోనో మళ్లీ కొంచెం వస్తుంది, మళ్లీ తగ్గుతుంది. చాలామంది పిల్లలకు పెరిగేకొద్దీ నెమ్మదిస్తుంది. అందాకా దాన్ని అదుపులో పెట్టుకోవడం మన పని. చీము పట్టినా, జ్వరం వచ్చినా మాత్రం వెంటనే తీసుకురా."

షాహుల్ పెద్ద డబ్బా తీసుకుని మూత విప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. ఆయన ముఖంలో భయం కనిపించింది.

"ఇందులో ఏ వాసనా లేదమ్మా."

"అందుకే ఇస్తున్నాను."

"వాసన లేని వస్తువు దేవుడే చెయ్యలా."

"దేవుడు చెయ్యలేదు, కంపెనీవాళ్లు చేశారు." సుభాషిణి గారు ఈసారి కొంచెం నవ్వింది. "మీ వ్యాపారం మానుకోమని నేను అనడం లేదు. ఇంటికి రాగానే స్నానం చేసి, బట్టలు మార్చుకుని పాపను ఎత్తుకోండి. అంతే."

షాహుల్ ఏ పనినీ 'అంతే' అన్నంతవరకు చేసి ఆపే మనిషి కాదు.

ఇంటికి రాగానే పెట్టె తీసుకుపోయి దుకాణంలో పెట్టి, దుకాణం తమ్ముడు మస్తాన్‌కు అప్పగించాడు. తన చొక్కాలన్నీ పెరట్లో పెద్ద దేగిసాలో ఉడకబెట్టించాడు. బిర్యానీ అనుకుని గంగులయ్య వచ్చి మూత తీసి చూసిపోయాడు. దిండ్లు మార్పించాడు. ఇల్లు కడిగించాడు. ఆపైన వీధి అరుగు మీద కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు.

ఇన్నేళ్లు ఊరికి వాసన పూసిన మనిషి ఇప్పుడు ఊరి వాసన కడగడం మొదలుపెట్టాడు. గురువారం పూట దుకాణాలకు సాంబ్రాణి పొగ వేసుకుంటూ వచ్చే ఫకీరును వీధి మలుపులోనే ఆపి, గాలి ఎటు వీస్తుందో చూసి, అటు తిప్పి పంపేవాడు. బుచ్చిరెడ్డిపాలెం నుంచి నాగూర్‌బీ చెల్లెలు బిడ్డను చూడ్డానికి వస్తే గడప దాటనివ్వలేదు.

"పౌడరు వేసుకున్నావా?"

"బస్సులో వస్తా ఉండాం గదా బావా, కొంచెం వేసుకున్నా."

"మెడకాడ కూడా ఉండాది. జుట్టుకు నూనె, దాని పేరేంది, ఆ మంచి వాసన నూనె. బొడ్లో కర్పూరం."

"కర్పూరం చీర మడతల్లో పెట్టింది బావా."

"పెరట్లో కుళాయి ఉంది. పో."

ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. నాగూర్‌బీ చెల్లెల్ని పెరట్లోకి తీసుకుపోయి, "ఏమనుకోకు మే, ఈ మనిషి ముందు పూసి చంపినాడు, ఇప్పుడు కడిగి చంపతా ఉండాడు" అంది. వచ్చిన ఆమె తలంటుకుని, అక్క పాత నూలుచీర కట్టుకుని బిడ్డను ముద్దాడి పోయింది.

బిడ్డ స్నానం వేళకు ఆ ఇల్లు రైల్వేస్టేషన్లాగా ఉండేది. జబీనా నీళ్లు పోస్తుంటే తువ్వాలు పట్టుకుని నాగూర్‌బీ, స్పూను పట్టుకుని అక్రమ్ నిలబడాలి. షాహుల్ అరుగు మీద నుంచే అరిచేవాడు.

"అద్దినారా?"

"అద్దతా ఉండాం."

"ఆరిపోతా ఉంటది. డబ్బా తీయండి, డబ్బా."

"తీసినాం నాయనా."

"మోకాళ్ల ఎనక మరిచిపోతారు మీరు."

మరిచిపోయేవాళ్లు కాదు. అయినా ఆయన గుర్తుచేయడం వల్లనే గుర్తున్నట్టు జబీనా "పూస్తా ఉండా మామా" అనేది.

నెమ్మదిగా ఎరుపు దిగింది. చర్మం మెత్తబడింది. నిషాత్ నిద్రపోయింది. మొదటిరోజు బిడ్డ అంతసేపు పడుకుంటే జబీనాకు భయమేసి లేపబోయింది. నాగూర్‌బీ ఆపి, కోడలి ముందు కంచం పెట్టింది. అందులో వంకాయ కూర ఉంది.

అంతా బాగానే ఉంది గానీ ఒక్కటి బాగాలేదు. డాక్టరు దగ్గర నుంచి వచ్చిన రోజు మొదలు షాహుల్ మనవరాలిని ఎత్తుకోలేదు.

నిషాత్ ఇంటి నడిమి చాప మీద ఆడుకుంటుంది. షాహుల్ గడప అవతల కూర్చుని గవ్వలు దొర్లించి ఆడిస్తాడు. బిడ్డ పాక్కుంటూ గడప దాకా వచ్చి చేతులు చాపుతుంది. ఆయన లేచి రెండడుగులు వెనక్కి పోతాడు.

"ఎత్తుకోండి మామా" అనేది జబీనా. "స్నానం చేసినారు గదా. బట్టలు కూడా ఉతికినవే."

ఆయన చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకునేవాడు. "ఇంకా ఉండాది."

"నాకు రావడం లేదు మామా."

"నీకు రాదు. నాకు వస్తా ఉంది. గోళ్ల కింద మొగలి, మోచేతిలో గులాబీ. ఇన్నేళ్లది, లోపలికి పోయింటది."

అక్రమ్ చెప్పి చూశాడు. ఆ ముక్కు ఎప్పుడూ తుమ్ములతో మూసుకుపోయి ఉంటుందని షాహుల్ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. నాగూర్‌బీ చెప్పింది. ఇన్నేళ్లు పక్కన బతికిన ముక్కుకు ఏం తెలుస్తుందన్నాడు. డాక్టరు గారే చెప్పింది కదా అంటే, ఆమెకు తన సంగతి పూర్తిగా తెలియదన్నాడు. ఆ ఊళ్లో ఆయన నమ్మే ముక్కు ఒక్కటే, అది ఆయనదే. అది మాత్రం లేని వాసన ఉందని చెబుతూనే ఉంది.

బిడ్డ చేతులు చాపడం, మామ వెనక్కి జరగడం జబీనా రోజూ చూస్తోంది. మచ్చలు తగ్గించే మందు దొరికింది గానీ దీనికి ఏం పూయాలో ఆమెకు తెలియలేదు. ఇట్లా ఇంకొన్నాళ్లు సాగితే బిడ్డ ఆ చేతులు చాపడం మానేస్తుంది. ఆమెను పట్టుకున్న భయం అది.

ఎండలు ముదిరాయి. చెమటకు నిషాత్ బుగ్గల మీద, మెడ మడతల్లో మచ్చలు మళ్లీ కొంచెం లేచాయి. డాక్టరు ముందే చెప్పింది కాబట్టి జబీనా కంగారు పడలేదు. చూపించుకు రావాలని పొద్దున్నే నెల్లూరు బస్సెక్కింది. అక్రమ్‌కు డ్యూటీ. తోడు షాహుల్ వచ్చాడు, రెండు సీట్ల దూరంలో నిలబడి. ఆయన చేతిసంచీలో బిడ్డ క్రీము డబ్బా, అది అయిపోతే ఇంకో డబ్బా, స్పూను ఉన్నాయి.

ఆడవాళ్లకు టికెట్ తీసేసినప్పటి నుంచి ఆ బస్సు కిటకిటలాడుతుంది. జబీనాకు ముగ్గురి సీటులో చివర చోటు దొరికింది. పక్కన పట్టుచీర కట్టుకున్న ఒకామె, ఏదో పెళ్లికి పోతోంది. నిషాత్ ఆమె గాజులు పట్టుకోబోయింది. ఆమె బిడ్డ ముఖం చూసి చెయ్యి లాక్కుంది. చీర కుచ్చెళ్లు దగ్గరికి తీసుకుంది.

"ఏందమ్మా అది ముఖాన? అంటుకుంటుందా?"

"అంటుకోదక్కా. ఎగ్జిమా. చర్మం ఆరిపోతే వస్తుంది."

"ఏమో తల్లీ. మా ఇంట్లోనూ పసిపిల్లలుండారు." ఆమె లేచి నిలబడింది. కిటికీ పక్కనామె కూడా లేచింది. ముందు సీటులో తల్లి ఒకతె తన పిల్లను ఇటువైపు నుంచి అటువైపు మార్చుకుంది. అంత రద్దీ బస్సులో జబీనా పక్కన రెండు చోట్లు ఖాళీగా ఉన్నాయి. నిలబడ్డవాళ్లు ఎవరూ కూర్చోలేదు. కండక్టరు వచ్చి, ఏం చెప్పాలో తెలియక, "వెనక్కి పోయి కూర్చుంటావా అమ్మా" అన్నాడు.

జబీనా బిడ్డ ముఖం తన భుజానికి తిప్పుకుంది.

అప్పుడు వెనక నుంచి ఒక పెద్ద గంప ముందుకు వచ్చింది. దాని వెనక ఒక పెద్దామె. గంప దించి, ఖాళీ చోట్లో దభీమని కూర్చుంది.

"జరుగు పాపా. నేను కామాక్షమ్మని. సముద్రం ఒడ్డున మా ఊరు, చేపలమ్మతా. నా చేతులు చేపల చేతులు, బిడ్డను ముట్టుకోను. కూచుంటా, అంతే." కండక్టరు వైపు తిరిగింది. "ఏమబ్బయ్యా, నన్ను కూడా వెనక్కి పొమ్మంటావా?"

ఆ మాట పూర్తయ్యే లోపలే షాహుల్ కదిలాడు. సంచీలోంచి రెండో డబ్బా తీశాడు, మూత విప్పాడు, స్పూను తీశాడు. ముందు కండక్టరు ఎదుట నిలబడ్డాడు.

"చెయ్యి చాపు."

కండక్టరు చాపాడు. ఆ రూట్లో ఆ మాటకు చాపని చెయ్యి లేదు. స్పూనుతో ఇంత క్రీము మణికట్టు మీద పడింది. కండక్టరు అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. క్రీము ముక్కుకు అంటుకుంది.

"ఏం వాసన రాదేందన్నా?"

"రాదు. పూసుకో, ఎండకు చర్మం ఆరిపోతా ఉంది నీకు. బిడ్డ కూడా ఇదే పూసుకుంటా ఉండాది." ముందు సీటు తల్లి దగ్గరికి పోయాడు. "చెయ్యి చాపమ్మా. నీ పాపది కూడా." కాలేజీ పిల్లలకు పూశాడు. డ్రైవరు భుజం మీదుగా వంగి, స్టీరింగు పట్టుకున్న చేతికే పూశాడు. బస్సులో ఈ చివర నుంచి ఆ చివరకు అందరి ఒంటి మీదా తెల్లటి మచ్చలు లేచాయి. ఒకరినొకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు.

కామాక్షమ్మ మాత్రం నవ్వలేదు. అటే చూస్తూ, "అప్పుడూ ఇట్నే చేసినాడు" అంది.

"ఎప్పుడు?" అంది జబీనా.

"నేను కొత్తగా గంపెత్తుకున్న రోజుల్లో. బస్సెక్కితే ముక్కులు మూసుకునేటోళ్లు. ఒకనాడు కండక్టరు నన్ను దిగమన్నాడు, నడిదారిలో, మండే ఎండలో. మీ మామ అప్పుడు పుల్లలాగా ఉండేటోడు. పెట్టె తీసుకుని లేచినాడు. చెయ్యి చాపు, చెయ్యి చాపు అని బస్సంతా తిరిగి పూసినాడు. నాకూ పూసినాడు, గంపకూ పూసినాడు. అందరిదీ ఒకటే వాసన అయిపాయె. ఇంక ఎవరినని దించతాడు కండక్టరు?" ఆమె గంప సర్దుకుంది. "ఆ మర్నాడూ పూసినాడు. ఆ మర్నాడూ. మేం బస్సెక్కే దినం ఎప్పుడో తెలీదు గదా, అందుకని ఎదురొచ్చిన ప్రతి మనిషికీ పూస్తా పోయినాడు. అట్టా అలవాటైపోయింది ఆయప్పకి."

షాహుల్ డబ్బా ఖాళీ చేసుకుని తిరిగి వచ్చాడు. మిగిలిన కాస్తా తన అరచేతిలో వేసుకున్నాడు. జబీనా ఆయన్నే చూస్తోంది.

"ఎప్పుడూ చెప్పలేదే మామా?"

"ఏం చెప్పేది?" ఆయన కామాక్షమ్మ వైపు విసుగ్గా చూశాడు. "అమ్ముకునేటోడు మచ్చు చూపిస్తాడు గదా. మచ్చు చూపించినా. ఈమెకు మాటలెక్కువ."

నిషాత్ తాత గొంతు విని ముఖం తిప్పింది. చేతులు చాపింది. ఆయన వెనక్కి జరగబోయాడు. వెనక జనం. జరగడానికి చోటు లేదు.

"ఎత్తుకో షాహులన్నా" అంది కామాక్షమ్మ.

"వాసన ఉండాది మే నా దగ్గర. బిడ్డకు పడదు."

"ఏదీ." ఆమె ఆయన చెయ్యి లాగి, మోచేతి దాకా గట్టిగా, బస్సంతా వినిపించేట్టు వాసన చూసింది. గోళ్ల దగ్గర చూసింది. చొక్కా గుంజి చూసింది. "పొద్దున పట్టిన చేపా, నిన్న పట్టిన చేపా అని చీకట్లో చెప్తాది ఈ ముక్కు. నీ దగ్గర ఏమీ లేదు. ఉత్త మనిషి వాసన."

"సరిగ్గా చూసినావా?"

"ఇంకోసారి చూస్తే తుమ్ముతా. ఎత్తుకో."

షాహుల్ ఆ ముక్కు గురించి ఆలోచించాడు. తన ముక్కుకు సరితూగే ముక్కు ఇంకొకటి ఉందని ఒప్పుకోవడం ఆయనకు తేలిక కాదు. జబీనా ఆయన ఆలోచన తెగేదాకా ఆగలేదు. లేచి బిడ్డను ఆయన చేతుల్లో పెట్టి, తన సీటులో ఆయన్ను కూర్చోబెట్టింది.

నిషాత్ ముందు గడ్డం పట్టుకుని లాగింది. అది పాత గడ్డమేనని తేల్చుకుంది. తర్వాత ఆయన అరచేతిలో తెల్లటి క్రీము చూసింది. అందులో వేలు ముంచింది. ఆ వేలు పట్టుకుని చుట్టూ చూసి, పక్కన కడ్డీ పట్టుకుని నిలబడ్డ పట్టుచీర ఆమె వైపు చాపింది. ఆమె చెయ్యి అందేంత దూరంలోనే ఉంది.

బస్సు చూస్తోంది. ఆమె కడ్డీ వదిలి, గాజులు పైకి తోసుకుని, మణికట్టు కిందికి దించింది. నిషాత్ చాలా శ్రద్ధగా, తాత పూసినట్టే, ఒక్క గీత గీసింది.

"అబ్బో" అంది ఆమె. ఖాళీగా ఉన్న కిటికీ పక్క సీటులోకి జరిగి కూర్చుని, రెండో చెయ్యి కూడా చాపింది.